పిల్ల పురుగులకు వల కింద తెల్లమద్దా, అడవిలో నల్లమద్దా?

సిరోంచ_కొత్తరైతు:
ఈ జూన్‌లో మొదటిసారి దసలి పట్టు (మద్ది చెట్ల మీద పెంచే టస్సర్ పట్టు) వేశాను. తొమ్మిదో రోజు పొద్దున గుడ్లు పగిలాయి. పిల్లలు ముందు పెంకునే కాస్త కొరికి, తర్వాత లేతాకు వెతుక్కున్నాయి. ఆకుదొన్నెల్లో పెట్టి అడవిలో నల్లమద్ది కొమ్మలకు కట్టాను. మూడో రోజుకు సగం లేవు! కొమ్మంతా చీమల బారు, నోట్లో నా పిల్లలు. రెండో పంటకు ఏటి ఒడ్డున నాటిన తెల్లమద్దికి వల కట్టి, రెండు జ్వరాలు (పురుగు తిండి మాని చర్మం విడిచే సమయాలు) దాటేదాకా అక్కడే పెంచుదామని ఉంది. మా కాకా ఒప్పుకోవట్లేదు. వలలో పెరిగింది అడవికి పనికిరాదట.

గోదారి_అవతల:
వల కట్టు తమ్మీ. పురుగు బతుకంతా తినే ఆకులో ఎక్కువ భాగం గూడు కట్టే ముందు చివరిదైన అయిదో దశలోనే తింటుంది. మొదటి రెండు దశలకు నాలుగు పొట్టి చెట్లు చాలు. అంత చిన్న చోటుకు కాపలా కాయలేమా? తెల్లమద్ది ఆకు మెత్తన, పిల్ల నోటికి తేలిక.

పాతపంట:
కాకా మాట అంత తేలిగ్గా కొట్టేయకండి. నల్లమద్ది ఆకు మీద పెరిగిన మా పట్టుకాయ (గూడు) గట్టిగా ఉంటుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. మధ్యలో చెట్టు మారిస్తే పురుగు కొమ్మ దిగి తిరుగుతుంది, రెండు రోజుల తిండి పోతుంది. అయినా వల ఎన్నాళ్లు? పట్టుపురుగును లోపలినుంచి తినేసే ఊజీ ఈగ గుడ్డు పెట్టేది పెద్ద పురుగు మీద. అప్పటికి మీ వల ఇంట్లో ఉంటుంది.

గోదారి_అవతల:
అన్నా, పెద్ద పురుగు దాకా వస్తేనే కదా ఊజీ ఈగ గోల.

సూక్ష్మదర్శిని:
ఇద్దరూ చెట్టు దగ్గరే ఆగిపోయారు. పెబ్రిన్ అనే పట్టుపురుగుల రోగం తల్లి చిలుక (గూడు చీల్చుకొచ్చిన రెక్కల పురుగు) నుంచే గుడ్డులోకి వస్తుంది, దాన్ని ఏ వలా ఆపదు. గుడ్లు పెట్టాక తల్లిని నలిపి మైక్రోస్కోప్ కింద చూడాలి, రోగం కనిపిస్తే ఆ గుడ్లన్నీ తగలబెట్టాలి. గింజుకున్నా సరే, తప్పదు. ఆ చిలుకకు తినే నోరే లేదు, పురుగుగా ఉన్నప్పుడు తిని దాచుకున్న బలంతోనే గుడ్లు పెట్టి పోతుంది. కొత్తరైతు గారూ, మీ గుడ్లు పరీక్ష చేసినవేనా?

సిరోంచ_కొత్తరైతు:
పరీక్ష చేశామనే ఇచ్చారు. కాగితం మాత్రం లేదు. ఈసారి అడిగి తీసుకుంటా.

పాతపంట:
అది మంచి మాట. ఇంకోటి, ఏటా అవే నాలుగు చెట్లైతే పెంటికలు, చచ్చిన పురుగులు కిందే పడి రోగం నిలబడిపోతుంది. చెట్టు మొదట్లో గడ్డి కోసి, బ్లీచింగ్ పౌడర్, సున్నం చల్లకపోతే వల కట్టీ దండగే.

సిరోంచ_కొత్తరైతు:
నిన్న కాకాతో కూర్చుని తేల్చుకున్నాం. వల కడతాం, కానీ తెల్లమద్దికి కాదు. అడవి అంచున పొట్టిగా నరికిన నల్లమద్ది మోళ్లు చిగురేశాయి, వాటికే. ఆకు మారే గొడవ ఉండదు. రెండో జ్వరం దాటాక పురుగును చేత్తో లాగకుండా, అది పట్టుకున్న రెమ్మనే కోసి పెద్ద చెట్టుకు కడతాం. లాగితే కాళ్లు తెగుతాయని కాకా నిన్న చూపించాడు. వేలు పెట్టగానే అది రెమ్మను ఇంకా గట్టిగా కరుచుకుంది.

గోదారి_అవతల:
తెల్లమద్ది పోయిందన్నమాట! సరే, వల రంధ్రాలు సన్నవి తీసుకో. చీమ దూరితే మళ్లీ మొదటికే.