ఎంట్రోపీకి మన దిక్కు ‘ఆగమాగం’ అనొచ్చా?

అందరికి దండాలు. మా బిడ్డ ఇంటర్ కెమిస్ట్రీ సదువుకుంట ఎంట్రోపీ అంటే ఏంది నాయినా అన్నది, నేను ఆగమాగం బిడ్డా, పెండ్లి ఇల్లు లెక్క అన్న. చల్లబడితే ఆగం తగ్గుతది, సున్న కెల్విన్ అంటే మైనస్ 273.15 డిగ్రీల కాడ నిఖార్సైన స్ఫటికానికి ఎంట్రోపీ సున్న, బాగనే కుదిరింది. ఇగ బిడ్డ, కార్బన్ మోనాక్సైడుకు గంత చలిల గూడ కొంచెం మిగుల్తదట కదా అన్నది. కదిలేదే లేనప్పుడు ఆగమాగం ఎక్కడిది? వేరే మాట ఏమన్న ఉంటే చెప్పుండ్రి.

అన్నా మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల బస్తాలు పేర్చుడు చూసినవా, మూతులన్నీ లోపలి దిక్కే పెట్టాలె. మూతి, అడుగు ఒక్క తీర్గనే కొడితే హమాలి ఏం చూస్తడు, ఎటు పడితే అటు ఏసుకుంట పోతడు, మీద పది వరుసలు పడ్డంక కింది బస్తాను ఎవడు తిప్పుతడు? గిది గూడ గంతే. కార్బన్ కొనకు, ఆక్సిజన్ కొనకు తేడా బాగ తక్కువ, గడ్డకట్టేటప్పుడు కొన్ని ఇటు మొకం కొన్ని అటు మొకం పెట్టి కూసుంటయి, ఇంకా చల్లబడ్డంక తిరుగుదామంటే శక్తుండదు. కదలకుంటనే తిర్లమర్ల ఉన్నయి. ‘తిర్లమర్ల’ అను.

జెర ఆగుండ్రి. మా పాలమూరుల అంగి తిర్లమర్ల తొడిగిండంటే తప్పు తొడిగిండనే. ఈడ తప్పేం లేదు, ఎన్ని తీర్ల ఉండొచ్చు అన్నదే లెక్క. ఒక్కో అణువుకు రెండు తీర్లు, గందుకే మోలుకు ఆర్ (వాయు స్థిరాంకం) ఇంటు సహజ లాగ్ 2, అంటే కెల్విన్‌కు 5.76 జౌళ్లు మిగలాలె. కొలిస్తే 4.6 దగ్గరనే వస్తది, కొన్ని సర్దుకున్నయన్నట్టు.

జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ 1865ల ఎంట్రోపీ అన్న పేరు పెట్టిందే గ్రీకు ‘ట్రోపే’ నుంచి, మలుపు, తిరుగుడు అని. తిర్లమర్లల గూడ తిరుగుడే ఉన్నది కదనే 😄

పాలమూరాయన మాటల ‘తీరు’ నాకు నచ్చింది. సున్న కాడ ఒక్కటే తీరు, ఒకటికి లాగ్ సున్న, బిడ్డకు ఎంటనే ఎక్కింది. బస్తాల కథ గూడ చెప్పిన, పరీక్షల రాయొచ్చా అంటున్నది.