దౌత్యరంగానికి చదువు సరే, పని ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న:
అంతర్జాతీయ సంబంధాలలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సిద్ధాంతాలు, శీతల యుద్ధ చరిత్ర, అంతర్జాతీయ చట్టం బాగానే చెబుతున్నారు. అయితే రేపు ఏ రాయబార కార్యాలయంలోనో కూర్చోబెడితే మొదటి రోజు ఏం చేయాలో నాకు తెలియదని ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో అర్థమైంది. రెండు పేజీల నివేదిక ఇచ్చి, మంత్రి చదవడానికి అరపేజీ నోట్ రాయమన్నారు. నేను నేపథ్యమే ఒక పేజీ రాశాను. ఇటువంటి పనులను సొంతంగా సాధన చేయడం ఎలా? విదేశీ భాషకు ఎంత సమయం కేటాయించాలి?

జవాబు 1:
ఇది చాలామంది చేసే పొరపాటే. మంత్రి ఏం నిర్ణయించాలి, ఎప్పటిలోగా, నిర్ణయించకపోతే ఏమవుతుంది అన్నవి మొదటి రెండు వాక్యాలలోనే తేలిపోవాలి.

అసలు సాధన మాత్రం ఒప్పందాల పాఠాల మీద చేయండి. 2015 డిసెంబరులో పారిస్ వాతావరణ ఒప్పందం ఆమోదానికి సిద్ధమైన వేళ, ఉద్గారాల తగ్గింపులో అభివృద్ధి చెందిన దేశాల పాత్రను చెప్పే నాలుగో అధికరణంలో ‘షుడ్’ ఉండవలసిన చోట ‘షల్’ అని పడింది. మొదటిది చేయడం మంచిదని చెబితే, రెండోది చేసి తీరాలంటుంది. అమెరికా అభ్యంతరం చెప్పడంతో ఆ ఒక్క మాటను సరిదిద్దాకే ఒప్పందం ఆమోదం పొందింది. ముసాయిదాను, తుది పాఠాన్ని పక్కపక్కన పెట్టుకుని, ఏ మాట ఎవరి కోసం మారిందో రాసుకుంటూ పోతే మిగతాది దానంతటదే పట్టుబడుతుంది.

జవాబు 2:
భాష సంగతి పై జవాబులో రాలేదు. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నాయి. మూడింటిని పైపైన ముట్టుకోవడం కంటే ఒకదానిలో పత్రాలు చదివే స్థాయికి చేరడం మేలని నా అభిప్రాయం. యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనల ఉపసంహరణపై 1967 నాటి భద్రతా మండలి 242వ తీర్మానాన్ని చూడండి. ఆంగ్ల పాఠంలో ఆక్రమిత భూభాగాలు అన్నదానికి ముందు ‘ది’ లేదు కనుక కొన్నిటి నుంచి వైదొలగినా చాలని వాదించవచ్చు, ఫ్రెంచి పాఠం మాత్రం ఆ భూభాగాలన్నీ అన్న అర్థానికి చోటిస్తుంది. ఈ వివాదం ఇప్పటికీ తీరలేదు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక ఇటువంటి తేడా మనకు ఒక పట్టాన చెవికెక్కదు, కాబట్టి అక్కడ రెట్టింపు జాగ్రత్త అవసరం.

జవాబు 3:
విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా చర్చించే నమూనా ఐక్యరాజ్యసమితి పోటీలకు వెళ్లండి, కానీ అవి ఉపన్యాసాన్ని మెచ్చినంతగా పక్కగదిలో జరిగే బేరాన్ని నేర్పవు. భద్రతా మండలి బహిరంగ సమావేశాల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఒక ప్రతినిధి ప్రసంగాన్ని ఆపకుండా విని, ఏం కోరారు, దేనికి మాట ఇచ్చారు, దేన్ని దాటవేశారు అన్నది పది వాక్యాలలో రాసి, తరువాత అధికారిక పదానుపద రికార్డుతో సరిచూసుకోండి. నేను మొదట్లో విమర్శలన్నీ పట్టుకుని, అసలు కోరికను వదిలేసేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అదే నివేదికకు నోట్ మళ్లీ రాశాను. నేపథ్యం మూడు వాక్యాలకు దిగింది గానీ, చివర ‘పరిశీలించవచ్చు’ అని రాసి, దేన్ని పరిశీలించాలో చెప్పలేదని ఇప్పుడే గమనించాను.