సైకస్ మొవ్వులో వస్తున్నది కొత్త ఆకులా, కోనా, తెగులా?

ప్రశ్న: వాకిటి తోట, నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండలోని మా ఇంటి వాకిట్లో రెండు సైకస్ మొక్కలు ఉన్నాయి. రెండూ నర్సరీలలో సాగో పామ్ అని అమ్మే సైకస్ రెవల్యూటా రకానివే. ఒకటి గేటు పక్కన నేలలో ఉన్నది. ఇల్లు కట్టించినప్పుడు మా మామగారు నాటించిన మొక్క కావడం వల్ల దాని బోదె ఇప్పుడు మోకాలి ఎత్తు దాటింది. రెండోది చిన్నది, సిమెంటు కుండీలో మెట్ల దగ్గర ఉన్నది.

పెద్ద మొక్కకు ప్రతి ఏడూ ఎండాకాలం చివర కొత్త ఆకులు వలయంగా ఒక్కసారే లేచేవి. ఈసారి పాత మట్టలు పక్కలకు ఒరిగి, మొవ్వు మధ్యలో గోధుమ రంగు నూగుతో గుండ్రటి ముద్ద ఒకటి ఉబుకుతున్నది. ఆకుల మొనలు ఎక్కడా కనిపించడం లేదు. అది మొవ్వుకు పట్టిన తెగులనీ, కోసి పారేయకపోతే మొక్క మొత్తం పోతుందనీ మా తోటమాలి అంటున్నాడు. పక్కింటివారేమో అది పువ్వు అనీ, అరటి గెల వేసినట్టు ఒకసారి పూసిన తరువాత ఈ చెట్టు చచ్చిపోతుందనీ చెప్పారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

కుండీలోని మొక్క సంగతి వేరు. దాని పాత ఆకులు ముదురాకుపచ్చగా బాగానే ఉన్నాయి గానీ, కిందటిసారి వచ్చిన కొత్త ఆకులు పసుపు రంగులో, కురచగా, ముడతలు పడి వచ్చి, కొనల నుంచి ఎండిపోయాయి. పోస్తున్నవి బోరు నీళ్ళు. పశువుల ఎరువుతో పాటు డీఏపీ కూడా వేశాము. ఇప్పుడు మళ్ళీ మొవ్వులో తెల్లటి మొనలు కనిపిస్తున్నాయి, చీమలు కూడా బారులు తీరి పైకి ఎక్కుతున్నాయి. ఈసారైనా ఆకులు సరిగా రావాలంటే ఏమి చేయాలో, పెద్ద మొక్కలోని ముద్దను కోయాలో వద్దో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: వృక్షశాస్త్రం మాస్టారు, మిర్యాలగూడ

అమ్మా, ముందుగా కత్తిని పక్కన పెట్టించండి. మీరు వర్ణించినది తెగులు కాదు. మీ పెద్ద మొక్క ఆడ మొక్క, అది ఇప్పుడు గింజలుగా మారే అండాలను మోసే ఆకులను బయటికి తెస్తున్నది. జూనియర్ కళాశాలలో పాఠం చెప్పిన రోజులలో వీటిని స్థూల సిద్ధబీజాశయ పత్రాలు అని బోర్డు మీద రాస్తే పిల్లలు గుడ్లు తేలేసేవారు. మొక్కను చూపిస్తే మాత్రం అరనిమిషంలో అర్థమయ్యేది.

సైకస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కోన్, అంటే పుప్పొడినో అండాలనో మోసే శంకువు లాంటి భాగం, కనబడే దాకా ఏది ఏదో ఆకులను చూసి చెప్పడం సాధ్యం కాదు, గింజ నుంచి పెరిగిన మొక్క ఆ దశకు రావడానికి పదేళ్ళు, ఒక్కోసారి అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. మొవ్వు ఉబ్బినప్పుడు లోపల నుంచి వచ్చేది ఏమిటో గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకులే అయితే అనేక సన్నని మొనలు వలయంగా నిటారుగా లేస్తాయి, ప్రతి మట్టకు రెండు వైపులా ఉండే పత్రకాలు మొదట లోపలికి చుట్టలు చుట్టుకొని ఉండి, మట్ట పొడవు సాగుతున్న కొద్దీ విప్పుకుంటాయి. మగ కోన్ అయితే మధ్యలో ఒకే ఒక్క మొన లేచి, మా పొలాల్లోని మొక్కజొన్న కంకిలాగా నిటారుగా పెరిగి, ఒక అడుగు నుంచి రెండు అడుగుల దాకా సాగుతుంది. ఆడ మొక్కలో మాత్రం అసలైన కోన్ అంటూ ఏర్పడదు. నూగు కప్పిన, ఈకలవలె చీలిన కురచ ఆకులు ఒకదానిపై ఒకటి ముడుచుకొని గుండ్రటి ముద్దగా కూర్చుంటాయి, వాటి కింది అంచులలో రెండు వైపులా అండాలు ఉంటాయి. జామియా వంటి తక్కిన సైకాడ్ (సైకస్ చేరే మొక్కల వర్గం) జాతులలో ఆడ మొక్కకూ గట్టి కోన్ వస్తుంది. ఇలా విడివిడి ఆకులుగా ఉండడం సైకస్ ప్రత్యేకత.

పూసిన తరువాత చచ్చిపోతుందన్న మాటలో నిజం లేదు. ఆడ మొక్కలో పెరిగే మొన ఆ ముద్ద మధ్యలోనే క్షేమంగా ఉంటుంది, అండాల ఆకులు వెడల్పుగా విచ్చుకున్న తరువాత వాటి నడుమ నుంచే మళ్ళీ మామూలు ఆకులు వస్తాయి. ఇప్పుడు ముద్దను కోయబోతే ఆ మొనకే గాయం కావచ్చు. మగ మొక్కలో కోన్ బోదె కొననే ఆక్రమిస్తుంది కాబట్టి, అది రాలిన తరువాత పక్కన పుట్టిన మొగ్గ పెరుగుదలను అందుకుంటుంది. అండాలు పెంచడానికి చాలా శక్తి ఖర్చవుతుంది కనుక ఈ ఏడు మీ పెద్ద మొక్కకు కొత్త ఆకులు ఆలస్యం కావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. దానికి కంగారు పడి ఎరువులు కుమ్మరించవద్దు.

జవాబు: పాలమూరు పచ్చదనం, మహబూబ్‌నగర్

అక్కా, పెద్ద మొక్క గురించి మాస్టారు చెప్పిన తరువాత నేను కలపవలసింది లేదు. కుండీ మొక్క గురించి రాస్తాను, ఎందుకంటే మన దక్షిణ తెలంగాణలో సైకస్ పెంచేవారిలో ఎక్కువమందికి ఎదురయ్యే బాధ అదే.

పాత ఆకులు పచ్చగా ఉండి కొత్త ఆకులు మాత్రమే పసుపుగా, ముడతలుగా వస్తే మొదట అనుమానించవలసినది మాంగనీస్ లోపాన్ని. దీనికి తారుమారుగా, కొత్త ఆకులు బాగుండి పాత ఆకులు పసుపు బారితే అది మెగ్నీషియం లోపం. అక్కడ మెగ్నీషియం ఉండే ఎప్సమ్ సాల్ట్ పనిచేస్తుంది, ఇక్కడ పనిచేయదు. చాలామంది ఈ రెండింటినీ కలగలిపి, ఏ ఆకు పసుపు బారినా ఎప్సమ్ సాల్ట్ పోస్తుంటారు. నల్లగొండ నీళ్ళనగానే అందరూ ఫ్లోరైడ్ మాట ఎత్తుతారు గానీ, ఈ మొక్క విషయంలో నేను చూసేది నీటి కాఠిన్యాన్ని. మీ కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర పేరుకొని ఉంటే ఆ నీళ్ళలోని సున్నపు లవణాలు మట్టిని క్షారగుణంలోకి తెచ్చాయని అర్థం. అటువంటి మట్టిలో మాంగనీస్ ఉన్నా వేర్లకు అందదు. సిమెంటు కుండీ కూడా తన వంతు సున్నం కలుపుతుంది. డీఏపీ ఎంత వేసినా ఈ లోటు తీరదు.

మాంగనీస్ సల్ఫేట్ పురుగుమందుల దుకాణాలలో దొరుకుతుంది. ప్యాకెట్ మీది మోతాదు మించకుండా నీటిలో కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి. వీలైనంత వరకు వాన నీళ్ళు గానీ, కుళాయికి వచ్చే కృష్ణా నీళ్ళు గానీ వాడండి. ఇప్పటికే ముడతలు పడిన ఆకులు బాగుపడవు. ఇప్పుడు లేస్తున్న మొనలకు కూడా మందు పూర్తిగా అందకపోవచ్చు కాబట్టి, ఫలితాన్ని వచ్చే వలయంలోనే చూడాలి. వానలు నిలదొక్కుకున్న తరువాత కుండీ మార్చి, ఎర్ర చల్క మట్టిలో ముతక ఇసుక బాగా కలిపి నాటండి. రేగడి మట్టి మాత్రం వద్దు. అది నీళ్ళు పట్టి ఉంచడంతో బోదె అడుగు నుంచి మెత్తబడి కుళ్ళుతుంది.

చీమల సంగతి ఇంతకంటే తొందరది, ఈ సాయంత్రమే చూడండి. ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న నీలి సీతాకోకచిలుక సైకస్ లేత మొనల మీదనే గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగులు వదిలే తీపి ద్రవం కోసం చీమలు చేరి వాటికి కాపలా కాస్తాయి. పురుగులు చుట్టుకున్న పత్రకాల మధ్య దాక్కుని తింటాయి కాబట్టి పైకి ఏమీ కనిపించదు, మట్టలు విప్పుకునే వేళకు ఈనెలు మాత్రమే మిగులుతాయి. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆకులు అలా పోతే మళ్ళీ ఏడాది ఎదురుచూడాలి. ఆకులు ఒకసారి గట్టిపడితే ఆ పురుగు వాటిని తినలేదు, కనుక మీరు కాపలా కాయవలసినది లేత దశ నడిచే ఆ కొద్ది వారాలు మాత్రమే. సాయంత్రం పూట వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి పిచికారీ చేయండి, లేదా మొనలు కనబడగానే పాత దోమతెర గుడ్డను వదులుగా కప్పి కింద కట్టండి. నాకు గుడ్డే నమ్మకం.

ఈ దశలో ఆకులను వేళ్ళతో తాకి చూడవద్దు, కుండీని తిప్పవద్దు. తిప్పితే సగం సాగిన మట్టలు మళ్ళీ వెలుతురు వైపు వంగి, వంకర అలాగే గట్టిపడిపోతుంది.

ప్రశ్న వేసినవారు: వాకిటి తోట, నల్లగొండ

మాస్టారికి, తమ్ముడికి ఎంతో కృతజ్ఞతలు. కుండీ అంచున తెల్లటి పొర ఉన్న మాట నిజమే. టార్చి వేసి చూస్తే మొనల మధ్య ఆకుపచ్చని చిన్న పురుగులు కూడా కనిపించాయి. చేతికి దొరికినవి ఏరివేసి, వేపనూనె కొట్టి, గుడ్డ కప్పాము. తోటమాలికి మాస్టారి జవాబు చదివి వినిపించాను. అతను ముద్దను కోయడం మానుకున్నాడు గానీ, అందంగా కనబడడానికి కింది వరుసల పచ్చని మట్టలను నరికేస్తానంటున్నాడు. అది చేయవచ్చునా? మగ మొక్క దగ్గరలో లేకపోయినా గింజలు వస్తాయా? మా ఇంట్లో కుక్క ఉన్నది, వీధిలోకి మేకలు వస్తుంటాయి. ఈ మొక్క విషమని ఎవరో అన్నారు, ఎంతవరకు నిజం?

జవాబు: చల్క నేల, వనపర్తి

విషం సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు. మొక్క అంతటా సైకాసిన్ అనే విషపదార్థం ఉంటుంది, గింజలలో మరీ ఎక్కువ. కుక్క ఒకటి రెండు గింజలు నమిలినా వాంతులతో మొదలై కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. నమిలినట్టు అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. పశువులకు కూడా ఈ ఆకులు చేటే, కాబట్టి కోసిన మట్టలను వీధిలో పారేయవద్దు, మేకలు అక్కడికే వస్తాయి. నారింజ ఎరుపు రంగులో మెరిసే గింజలు చిన్నపిల్లలను కూడా ఆకర్షిస్తాయి. అవి ముదిరేసరికి ఏరి దాచడమో, వద్దనుకుంటే ఆకులు విచ్చుకున్న తరువాత అండాలను మాత్రమే తుంచివేయడమో చేయండి.

పచ్చని మట్టలను నరకడం నాకు ససేమిరా ఇష్టం లేని పని. కొత్త ఆకులకైనా, అండాలకైనా ఆహారం ఆ పాత ఆకుల నుంచే వెళ్తుంది. పూర్తిగా ఎండి గోధుమ రంగుకు వచ్చినవాటిని మాత్రమే తీయాలి. బోదె చక్కగా కనబడాలని నర్సరీలవారు కోస్తారు, అది అమ్మకం కోసం చేసే అలంకారం.

కుండీ మార్చేటప్పుడు మరొకటి గమనించండి. మట్టి పైపొరలో పైకి పెరిగిన, గుత్తులు గుత్తులుగా చీలిన బుడిపెల వేర్లు కనిపిస్తాయి. మన వైపు బత్తాయి తోటలు ఉన్నవారికి వేర్ల మీద బుడిపెలు చూడగానే నులిపురుగులే గుర్తుకొచ్చి, కోసి పారేస్తారు. ఇక్కడ అవి రోగం కాదు. వాటిలో నీలి ఆకుపచ్చ శైవలాలు కాపురం ఉండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. యూరియా కోసం సైకస్ అంతగా అర్రులు చాచకపోవడానికి అదొక కారణం.

జవాబు: వృక్షశాస్త్రం మాస్టారు, మిర్యాలగూడ

గింజల ప్రశ్న మిగిలింది. మగ మొక్క లేకపోయినా సైకస్ అండాలు కొంత ఉబ్బి గింజల్లాగే కనిపించవచ్చు, కానీ లోపల పిండం ఉండదు, నాటితే మొలవవు. పుప్పొడి అందినా ఫలదీకరణ వెంటనే జరగదు. పుప్పొడి నాళం నెలల తరబడి అండంలోనే పెరిగి, ఆ తరువాత ఈదగల పురుష బీజాలను వదులుతుంది. గింజ వేసే మొక్కలో ఈదే పురుష బీజాలు ఉంటాయన్న విషయాన్ని జపాన్‌లో 1896లో హిరాసే అనే శాస్త్రవేత్త గింకో అనే చెట్టులోనూ, ఇకెనో అనే మరో శాస్త్రవేత్త సరిగ్గా మీ వాకిట్లో ఉన్న ఈ సైకస్ రెవల్యూటాలోనూ కనుగొన్నారు. పాఠంలో ఈ సంగతి వచ్చినప్పుడల్లా నేను కాస్త ఎక్కువసేపు నిలిచేవాణ్ణి, సిలబస్‌కు అంత అవసరం లేకపోయినా.

ఈ చర్చ చదివి మరొక జాతి కావాలనుకునేవారికి ఒక మాట. శేషాచలం కొండలలో సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ మన తూర్పు కనుమలకే పరిమితమైనది, అంతరించే ప్రమాదంలో ఉన్నది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠిన రక్షణ ఉండే మొదటి అనుబంధంలోనే దాని పేరు ఉన్నది. మగ కోన్‌లను నాటుమందుల కోసం కోయడం దాన్ని మరింత దెబ్బతీసింది. అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్కను ఎవరైనా అమ్మజూపితే కొనకండి. రెవల్యూటా నర్సరీలలో పిలకల నుంచీ గింజల నుంచీ కావలసినంత దొరుకుతున్నది.

జవాబు: పాలమూరు పచ్చదనం, మహబూబ్‌నగర్

అక్కా, మా ఇంటి మగ మొక్క కోన్ ఇప్పుడే పొలుసులు విడుస్తున్నది, తడితే పసుపు పొడి రాలుతున్నది. కాగితం పరిచి దులిపి, నీడలో ఒకరోజు ఆరబెట్టి, కాగితపు పొట్లంలో ఆర్టీసీ పార్సిల్‌లో పంపగలను. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మపట్టి పాడవుతుంది. మీకు అందిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచి, మీ మొక్కలోని ముద్ద కాస్త వదులై, ఆకుల మధ్య వేలు దూరేంత సందు కనబడే రోజు కోసం చూడండి. అప్పుడు ఉదయం పూట, మంచు గానీ వాన తడి గానీ లేనప్పుడు, మెత్తని కుంచెతో ఆ సందులలోకి పొడిని చల్లండి. ఒక్కసారితో ఆపకుండా కొన్ని రోజులు వరుసగా చల్లితే మంచిది, ఎందుకంటే అండాలన్నీ ఒకే రోజున సిద్ధంగా ఉండవు.

గింజల దాకా ఆగలేకపోతే, మా మొక్క మొదట్లో పిలకలు కూడా ఉన్నాయి. పిలక తల్లి మొక్క లింగాన్నే తెచ్చుకుంటుంది కాబట్టి అది మగదే అవుతుంది. వానలు పడ్డాక ఒకటి విడదీసి, కోసిన చోటు ఆరనిచ్చి ఇసుకలో నాటుతాను. వేర్లు పట్టిన తరువాత తీసుకువెళ్ళండి. మీ మొక్క ముద్ద ఇప్పుడు ఎంతవరకు విచ్చుకున్నదో ఒక ఫొటో పెడితే పొట్లం ఎప్పుడు పంపాలో చెబుతాను.