ఆఫీసు ట్రైనింగ్ సీఈయూల్లోకి రాదట, సీపీసీ రెన్యూవల్‌కి ఏం చేయాలి?

మాదాపూర్ కోడర్:
అందరికీ నమస్తే. పేషెంట్ చార్టులు చదివి జబ్బులకీ చికిత్సలకీ కోడ్లు వేసే మెడికల్ కోడర్‌ని. డిసెంబర్‌లో నా సీపీసీ (ఏఏపీసీ అనే అమెరికా సంస్థ ఇచ్చే కోడర్ సర్టిఫికెట్) రెన్యూవల్ ఉంది, రెండేళ్లకి 36 సీఈయూలు, అంటే చదువు గంటలకిచ్చే క్రెడిట్లు కావాలి కదా, నా దగ్గర 14 ఉన్నాయి. పోయినేడు ఆఫీసులో ఈడీ (ఎమర్జెన్సీ విభాగం) కోడింగ్ మీద రెండు వారాలు ట్రైనింగ్ ఇచ్చారు, షిఫ్ట్ అయిపోయాక రోజూ రెండేసి గంటలు కూర్చున్నాం, ఇంటికెళ్లేసరికి పిల్లలు పడుకునేవాళ్లు. ఇప్పుడు సర్టిఫికెట్ అడిగితే ఆ సెషన్‌కి ముందుగా ఏఏపీసీ అప్రూవల్ పెట్టలేదు, ఇండెక్స్ నంబర్ లేదు అంటున్నారు. నా రెండేళ్లలో నేను నిజంగా నేర్చుకున్నది అదే, అదే లెక్కలోకి రాలేదు. ఎవరికైనా ఇలా అయిందా?

బెజవాడ హెచ్‌సీసీ:
నాకూ సేమ్ అన్నా. చివరికి డబ్బులు పెట్టి ఒక వీడియో బండిల్ కొన్నా. టార్గెట్ చార్టులు అయ్యాక రాత్రి పదకొండుకి వీడియో పెట్టి నిద్రపోయేవాణ్ణి, పొద్దున లేచి క్విజ్ రాసేవాణ్ణి, సీఈయూలు వచ్చాయి కానీ ఒక్క ముక్క గుర్తులేదు. మనం సర్టిఫైడ్ అని క్లయింట్‌కి చెప్పుకునేది కంపెనీ, మెంబర్‌షిప్ కట్టేది మాత్రం మన జేబులోంచి. చదువుకోడానికి నెలకి ఒక్క పూట ఇవ్వలేరా?

క్యూఏ పద్మ:
రూల్‌నే తప్పు పట్టకండి తమ్ముళ్లూ. పన్నెండేళ్లుగా ఆడిట్ చేస్తున్నా, చదవని కోడర్ చార్ట్ చూడగానే తెలిసిపోతుంది. జబ్బులకి వేసే ఐసీడీ కోడ్లు ఏటా అక్టోబర్ 1కి మారతాయి, డాక్టర్ చేసిన పనికి వేసే సీపీటీ కోడ్లు జనవరి 1కి. కొత్త పేషెంట్ విజిట్‌కి వేసే 99201 కోడ్ తీసేసింది 2021లో, ఆ తర్వాత కూడా పాత నోట్స్ పట్టుకుని వేసినవాళ్లని నేనే పట్టుకున్నా. 2023లో ఈడీ విజిట్లకి కూడా లెవెల్ ఎండీఎం (డాక్టర్ తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైందనే లెక్క) మీదకి వచ్చేసింది, హిస్టరీ ఎగ్జామ్ పాయింట్లు లెక్కేసే పద్ధతి పోయింది. బెజవాడ తమ్ముడూ, నీ హెచ్‌సీసీలోనే (పేషెంట్ రిస్క్‌ని బట్టి ఇన్సూరెన్స్ చెల్లింపు లెక్కేసే జబ్బుల గ్రూపులు) చూడు, పాత మోడల్ వీ24లో 86 పేమెంట్ హెచ్‌సీసీలు, కొత్త మోడల్ వీ28లో 115, సంఖ్య పెరిగినా పాత డయాగ్నసిస్ కోడ్లు చాలా ఎగిరిపోయాయి. ఇవి తెలియకుండా చార్ట్ ముందు కూర్చుంటే నష్టం ఎవరికి? గంటలు పెట్టడం కరెక్టే, నాకు నచ్చనిది ఒకటే, వీడియో పెట్టి నిద్రపోయిన గంటకీ చార్టులు ముందేసుకుని కొట్లాడిన గంటకీ ఒకే విలువ ఇవ్వడం.

వైజాగ్ రేడియాలజీ:
పద్మక్క చెప్పింది నిజం. నేను సీపీసీతో పాటు ఏఏపీసీ వాళ్లదే ఇంకో సర్టిఫికెట్ సీఆర్‌సీ కూడా రాశా, రెండూ ఉంటే 72 కావాలేమో అని భయపడి ముందు వద్దనుకున్నా, కాదు, 48 చాలు, మూడుంటే 60. మా ఫ్రెండ్ అహిమా అనే వేరే సంస్థ ఇచ్చే సీసీఎస్ కోడర్ సర్టిఫికెట్ చేసింది, వాళ్లకి రెండేళ్లకి 20, కాకపోతే అందులో 80 శాతం వాళ్ల సబ్జెక్టు పరిధిలోనే ఉండాలి. ఎవరు ఏది రాసినా ముందు ఈ లెక్క చూసుకోండి.

అమీర్‌పేట ఫ్రెషర్:
నాకు ఇంకా సీపీసీ పక్కన ‘ఏ’ (అప్రెంటిస్, అంటే అనుభవం చాలనివాళ్లకి పెట్టే గుర్తు) పోలేదు సార్. కోచింగ్‌లో పరీక్ష పాసవడం గురించే చెప్పారు, రెండేళ్లకి ఇన్ని గంటలని ఒక్కరూ చెప్పలేదు. ఎప్పట్నుంచి మొదలుపెట్టాలి?

క్యూఏ పద్మ:
ఈ నెల నుంచే బాబూ. నెలకి ఒకటిన్నర గంట పడుతుంది అంతే. లోకల్ చాప్టర్ మీటింగ్ ఉంటే వెళ్లు, అక్కడ సీఈయూ వస్తుంది, నలుగురు పరిచయం అవుతారు. వచ్చిన ప్రతి సర్టిఫికెట్ అదే రోజు అప్‌లోడ్ చెయ్, పీడీఎఫ్ నీ సొంత మెయిల్‌లో కూడా పెట్టుకో, ఆఫీసు మెయిల్‌లో మాత్రమే ఉంచితే ఉద్యోగం మారిన రోజున అది పోతుంది. ఏఏపీసీ వాళ్లు సీఈయూల ఆడిట్‌కి పిలిస్తే చూపించాలి.

మాదాపూర్ కోడర్:
అప్‌డేట్. నిన్న మేనేజర్‌తో కూర్చున్నా, పాత ట్రైనింగ్‌కి ఇక చేసేదేం లేదంట. కానీ అక్టోబర్ కోడ్ల మీద పెట్టే సెషన్‌కి ముందే అప్రూవల్ అప్లై చేస్తామన్నారు, మెయిల్‌లో రాసివ్వమని అడిగా, రాసిచ్చారు. మా టీంలో పంతొమ్మిది మందిమి ఉన్నాం, అందరికీ పనికొస్తుంది. ఆ అప్లికేషన్ మీ ఆఫీసులో ఎవరైనా పెట్టి ఉంటే ఏమేం పేపర్లు అడిగారో ఇక్కడ రాయండి, మా ట్రైనర్‌కి ఇది మొదటిసారి.