డీ2 రిసెప్టర్ జీన్ చూసి స్కిజోఫ్రీనియా ముప్పు చెప్పొచ్చా?

జన్యులిపి:
స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకి వాడే మందుల్లో దాదాపు అన్నీ డీ2 రిసెప్టర్‌ని, అంటే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే ప్రొటీన్‌ని, అడ్డుకునేవే. 2014లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం 36,989 మంది రోగుల్ని 1,13,075 మంది ఇతరులతో పోల్చి, జీనోమ్‌లో 108 చోట్ల తేడా చూపింది. 11వ క్రోమోజోమ్ మీదున్న, డీ2 రిసెప్టర్‌ని తయారుచేసే డీఆర్‌డీ2 జీన్ ప్రాంతం అందులో ఒకటి. మరి ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లకి ఆ జీన్ పరీక్ష ఎందుకు వద్దంటున్నారు?

నాడీతంతు:
ఆధారం గట్టిదే, దాని మీద కట్టిన మాటే నిలవదు. అంతమంది ఎందుకు కావలసొచ్చింది? ఒక్కో మార్పు పెంచే ముప్పు అంత చిన్నది కనుక. వందలో ఒకరికి వచ్చే జబ్బు 1.08 రెట్లు అయిందనుకోండి. పదివేల మందిలో 100 మందికి రావలసింది 108 మందికి వస్తుంది. మిగతా 9,892 మందికి ఆ రిపోర్టు ఇచ్చేది భయమే.

ఇంకోటి, మందు పట్టుకునే చోటు, జబ్బు మొదలయ్యే చోటు ఒకటే కానక్కర్లేదు. పెట్ స్కాన్‌లలో నిలకడగా కనిపించేది స్ట్రయాటమ్ అనే మెదడు లోపలి భాగంలో డోపమైన్ తయారీ, విడుదల పెరగడం. రిసెప్టర్‌కి ముందున్న మెట్టు అది.

జెల్‌బల్ల:
పాత పేపర్లు డీఎన్‌ఏ తేడాకి గుర్తుగా వాడిన 'టాక్1ఏ' మార్కర్‌ని దయచేసి ఈ చర్చలోకి తేవద్దు. డీఆర్‌డీ2ది అనుకుని ఏళ్ల తరబడి వాడారు గానీ, అది ఉన్నది పక్కనున్న ఏఎన్‌కేకే1 జీన్‌లో. పైగా తప్పు చదవడం చాలా తేలిక. సాధారణంగా పీసీఆర్‌తో కాపీలు తీసిన 310 బేస్‌ల డీఎన్‌ఏ ముక్కని టాక్1 ఎంజైమ్‌తో 65 డిగ్రీల దగ్గర కోస్తారు. మార్కర్‌కి ఏ1, ఏ2 అని రెండు రూపాలు: ఏ2 అయితే 180, 130గా తెగుతుంది, ఏ1 తెగదు. కోత సగంలో ఆగితే ఏ2ఏ2 (రెండు కాపీలూ ఏ2 అయిన) మనిషికి కూడా 310 గీత మిగిలి ఏ1ఏ2లా కనిపిస్తుంది. ముక్కల్ని సైజు వారీగా విడదీసే ప్రతి జెల్‌లో తెలిసిన ఏ2ఏ2 శాంపిల్ ఒకటి నడపాలి. హెటిరోజైగోట్లు (ఏ1ఏ2 వాళ్లు) హార్డీ-వైన్‌బర్గ్ లెక్కకి, అంటే ఏ1, ఏ2 వాటాల్ని బట్టి ఉండాల్సిన సంఖ్యకి, మించి తేలితే ముందు కోతనే అనుమానించాలి. ఏ1 వాటా జనసమూహాన్ని బట్టి బాగా మారుతుంది. రోగులు ఒక సమూహం నుంచి, పోలికకి తీసుకున్న కంట్రోల్స్ ఇంకో సమూహం నుంచి వస్తే లేని సంబంధం పుట్టుకొస్తుంది.

జన్యులిపి:
టాక్1ఏ వదిలేస్తాను. కానీ జన్యు పరీక్షే దండగ అంటే ఒప్పుకోను.

నాడీతంతు:
దండగ అనలేదండీ, అడగాల్సిన పరీక్ష వేరు. 22క్యూ11.2 డిలీషన్ (22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం) ఉన్నవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగే స్థితి) వస్తుంది. స్కిజోఫ్రీనియాతో పాటు పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, రక్తంలో కాల్షియం తగ్గడం లాంటివి ఉంటే క్రోమోజోముల్లో చిన్న లోపాల్ని కూడా పట్టే క్రోమోజోమల్ మైక్రోఅరే పరీక్ష అడగండి. మైక్రోస్కోప్‌లో క్రోమోజోముల్ని చూసే మామూలు కేరియోటైప్‌లో ఆ చిన్న లోపం సాధారణంగా దొరకదు. అది బయటపడితే కాల్షియం, గుండె, థైరాయిడ్ చూసుకోవచ్చు. కాల్షియం పడిపోతే ఫిట్స్ రావచ్చు, స్కిజోఫ్రీనియా మందు క్లోజపిన్ కూడా ఫిట్స్ ముప్పు పెంచుతుంది కనుక దాన్ని మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి ఆ సంగతి తెలిసి ఉండాలి. డీఆర్‌డీ2 రిపోర్టు చూసి ఇలాంటి నిర్ణయం ఒక్కటీ తీసుకోలేం.