జెలసీకి అసూయ సరిపోతుందా?

ఎన్వీ, జెలసీ అనే రెండు ఇంగ్లీషు మాటలకూ మన అనువాదాల్లో తరచుగా 'అసూయ' అనే ఒక్క మాటే కనిపిస్తుంది. కొందరు జాగ్రత్తపరులు మాత్రం ఎన్వీకి అసూయ, జెలసీకి ఈర్ష్య అని పంచిపెడతారు. నాకు ఈ రెండు పద్ధతులూ సమ్మతం కావు.

ఎన్వీకి ఇద్దరు చాలు. ఒకరికి ఉన్నది మరొకరికి లేదు, ఆ లేమి రెండోవారిని దహిస్తుంది. కుంతికి కొడుకు పుట్టాడని విన్న గాంధారి తన గర్భాన్ని తానే కొట్టుకున్నది ఈ బాధతోనే. జెలసీలో సాధారణంగా మూడో మనిషి ఉంటారు: తనదనుకున్న ప్రేమ ఇంకొకరి పాలవుతుందేమోనన్న భయం దాని మూలం. పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని తెలిసి అలిగిన సత్యభామ బాధ పువ్వు కోసమైతే అది ఎన్వీ, కృష్ణుడి మనసులో తన చోటు కోసమైతే జెలసీ. చెట్టునే తెచ్చి తన పెరట్లో నాటిస్తే తప్ప ఆమె శాంతించలేదు కనుక రెండూ ఉన్నాయనే అనుకుంటాను.

ఎన్వీకి మూలమైన లాటిన్ మాట చెడుచూపు చూడడాన్ని సూచిస్తుంది. మన దిష్టి, కన్నుకుట్టడం, కళ్ళలో నిప్పులు పోసుకోవడం అన్నీ చూపుకు సంబంధించినవే కావడం ఇక్కడ గమనించదగినది. జెలసీ దారి వేరు. అది గ్రీకు 'జీలోస్' నుంచి వచ్చింది, పట్టుదలతో కూడిన ఉత్సాహాన్ని తెలిపే 'జీల్' కూడా ఆ మాట సంతానమే. నిర్గమకాండం 20వ అధ్యాయంలో దేవుడు తనను గురించి చెప్పుకునే చోట ఇంగ్లీషు బైబిలు 'జెలస్' అంటే, తెలుగు బైబిలు 'రోషముగల దేవుడను' అంది. ఆ అనువాదకులకు నమస్కరించాలి. అక్కడ అసూయ అని రాసి ఉంటే, దేవుడు ఎవరిని చూసి అసూయపడాలి? క్రైస్తవ సంప్రదాయం చెప్పే ఏడు మహాపాపాల పట్టికలో ఉన్నది కూడా ఎన్వీయే, జెలసీ కాదు.

ఇక అమరకోశం 'అక్షాంతిరీర్ష్యా, అసూయా తు దోషారోపో గుణేష్వపి' అంటుంది. ఓర్వలేకపోవడం ఈర్ష్య, గుణాలకు సైతం దోషాలు అంటగట్టడం అసూయ. ఈ లెక్కన ఎన్వీకి దగ్గరి మాట ఈర్ష్యే అవుతుంది, పంపకం తలకిందులవుతుంది. అయితే ప్రియుడికి మరొకతెతో సంబంధం ఉందని తెలిసి నాయిక వహించే అలకను అలంకారశాస్త్రం ఈర్ష్యామానం అంటుంది కాబట్టి, జెలసీని ఈర్ష్య అనేవారికి ఆధారం లేకపోలేదు. కాని నేటి పాఠకుడి చెవికి అసూయ, ఈర్ష్య ఒకటే. నిఘంటువులో ఉన్న తేడా వాక్యంలో వినిపించకపోతే దానివల్ల ప్రయోజనమేమిటి?

'జెలస్ హజ్బెండ్' అన్నదాన్ని 'అసూయాపరుడైన భర్త' అని రాస్తే, భార్యకు మంచి ఉద్యోగం వచ్చినందుకు ఓర్వలేని వాడని పాఠకుడు అనుకుంటాడు. మన ఇళ్ళల్లో అటువంటివాణ్ణి అనుమానపు మొగుడు అంటారు, అదే సరైన అనువాదం. ఇద్దరు భార్యల కథ అయితే సవతి మచ్చరం ఉండనే ఉంది. రహస్యాన్ని 'జెలస్లీ' కాపాడారంటే ప్రాణప్రదంగా దాచుకున్నారని అర్థం, అక్కడ ఏ ఓర్వలేనితనమూ లేదు. కాబట్టి జెలసీకి ఒకే సమానార్థకం వెతకడం మాని, సందర్భంలో ఎందరు మనుషులున్నారో, భయం ఏది పోతుందనో ముందు చూసుకోవాలి.

నేటి ఇంగ్లీషులో జెలస్ మాట ఎన్వియస్ చోటును చాలావరకు ఆక్రమించింది. స్నేహితురాలి విహారయాత్ర ఫొటోల కింద 'సో జెలస్' అని రాసేవారిది నిజానికి ఎన్వీయే. ఆక్రమణ ఒకవైపే జరిగింది: అనుమానించే భర్తను ఎన్వియస్ అని ఎవరూ అనరు. ఆ ఫొటోల కింద రాసే మాటకు తెలుగులో అసూయ మరీ బరువైనది. 'నాకు కుళ్ళుగా ఉందే' అంటే ఆ ముద్దూ, ఆ చురకా రెండూ వస్తాయి.