అప్‌డేట్: పాచి చెరువులో బంగారుతీగ పడింది

ఇంగ్లండ్‌లో మా ఇంటి దగ్గరి చెరువు అడుగంతా పాచి, ఎర అందులో కూరుకుపోతోంది, ఏ రిగ్ (గేలం, ఎర కట్టే అమరిక) కట్టాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే తేలే బాయిలీతో (ఉడికించిన ఉండ ఎర) చాడ్ రిగ్, అంటే లైన్ మీద జారే పొట్టి రిగ్, కట్టాను. గట్టి మోనో (ఒంటిపోగు దారం), రెండంగుళాలే. దాన్ని కెటిల్ ఆవిరి మీద వంచడానికే మూడు ముక్కలు పాడయ్యాయి, వేలూ కాలింది. ముడిని ఉమ్మితో తడపకుండా బిగిస్తే తెల్లబడి పుటుక్కున తెగుతోంది.

లైన్ చివరి సీసం బరువు పాచిలోకి దిగినా, రిగ్ లైన్ మీద పైకి జారి ఎర పైనే నిలిచింది. లైన్ తెగితే చేప సీసాన్ని ఈడ్చుకు తిరగకూడదని రిగ్‌ను లైన్ మీద ఆపే పై పూసను ఊడొచ్చేలా పెట్టాను.

ఆదివారం తెల్లారకముందే, చేప లైన్ లాగితే మోగే అలారం మోగింది. చేప పాచిలో దూరింది. లాగకుండా లైన్ బిగువుగా పట్టి ఆగితే అదే కదిలింది. పద్నాలుగు పౌండ్లు! గేలం కింది పెదవి మధ్యలో ఉంది. మన ఊళ్లో అయితే పులుసే. ఇక్కడ తడి చాప మీద ఫొటో తీసి వదిలేశాను.